ఒకే ఇంట్లో ముప్పై ఏడు జ్వరాలు

శుక్రవారం కావడంతో కృపామణి నీళ్ల డ్రమ్మును పడుకోబెట్టి కొబ్బరి పీచుతో అడుగు తోముతోంది. దోమ గుడ్లు మిగలకుండా వారానికొకసారి డ్రమ్ములు ఆరబెట్టాలని ఊరందరికీ చెప్పే ఆశా కార్యకర్త ఆమె. చెప్పినట్టు చేసేదీ ఆమె ఒక్కతే. ఆ ఇంటి ముందు మూడు జీపులు ఆగాయి.

జిల్లా మొత్తంలో జ్వరాలు ఎక్కువున్న ఇల్లు అదేనని తిరుపతిలో తేలింది. మొగుడూ పెళ్లామూ ఇద్దరుండే ఇంట్లో ముప్పై ఏడు జ్వరాలు. రోగాన్ని ఇంటి నంబరుతో సహా పట్టుకున్న మ్యాపు మరెక్కడా లేదని ఆ ఉదయమే సమావేశంలో అధికారులు ఒకరినొకరు అభినందించుకున్నారు.

జరిగింది చిన్న విషయమే. ఊరవతలి కాలనీలో పైపు పగిలి మడుగు కట్టింది. ఇంటికొకరు మంచాన పడ్డారు. కృపామణి గడప గడపా తిరిగి పేర్లు పుస్తకంలో రాసుకుంది. కాలనీలో ఫోనుకు సిగ్నల్ అందదు, ఆమె మిద్దె మీద అందుతుంది. అక్కడ నిలబడి పేర్లన్నీ ఆరోగ్య శాఖ యాప్‌లో పంపింది. పంపిన చోటే రోగమున్న చోటని యాప్ రాసుకుంది.

సిబ్బంది వచ్చీ రాగానే వంటింట్లో దోమల పొగ కొట్టారు. కృపామణి భర్త ధనంజయకు నెత్తురు తీశారు. ఏ జ్వరమూ లేదని తేలడంతో అనుమానమొచ్చి రెండో చేతికి తీశారు.

"నాకేమీ లేదప్పా," అన్నాడతను.

"లేకపోతే ముప్పై ఏడు ఎలా వస్తాయి?" అన్నారు సిబ్బంది.

"జ్వరాలు కాలనీలో ఉండాయి సార్. ఈడ ఉండేది సిగ్నలే," అంది కృపామణి.

"అది మీ అభిప్రాయమమ్మా. ఇది డేటా," అన్నాడు గణాంకాల అధికారి రఘునాథ్, ఓపికగా.

అంతలో కాలనీ నుంచి నాగులమ్మ తన మనవరాలు అమలను భుజాన వేసుకుని వచ్చింది. "నాలుగు దినాలుగా జొరం సారూ. పొద్దున్నించి సిగుళ్లలో నెత్తురొస్తా ఉండాది. ఆ పరీక్షేందో ఈ బిడ్డకు సెయ్యండి."

రఘునాథ్ మ్యాపు చూశాడు. "మీ కాలనీ పచ్చగా ఉందమ్మా. అక్కడ జ్వరాల్లేవు."

"పచ్చగా ఉండేది మడుగులో పాచి సారూ. ఒళ్లు పట్టుకోని సూడండి."

పట్టుకుని చూసే పద్ధతిని పోయినేడే రద్దు చేశారు.

"నా పేరున ఇంకా ముప్పై అయిదు పరీక్షలుండాయి కదా సార్, ఒకటి ఆ బిడ్డకీండి," అన్నాడు ధనంజయ.

"ఒకరి జ్వరం మరొకరికి బదలాయించే వీల్లేదు."

ఈలోగా వాకిట్లో కుర్చీలు పడ్డాయి. ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. మ్యాపులో తమ ఇళ్లకూ ఒక్కొక్క ఎర్ర చుక్క ఇప్పించమని ఇద్దరు ముగ్గురు అర్జీలు కూడా తెచ్చారు. రఘునాథ్ లేచి మాట్లాడాడు. "ఒకప్పుడు రోగి వైద్యాన్ని వెతుక్కుంటూ తిరిగేవాడు. ఇవాళ డేటా చెయ్యిపట్టుకుని వైద్యాన్ని రోగి గడపకు తీసుకొచ్చింది!"

చప్పట్లు మోగాయి. కృపామణి నాగులమ్మ భుజం మీది పిల్లను తన భుజానికి ఎత్తుకుంది. తేలిగ్గా, వేడిగా ఉంది పిల్ల. కుర్చీల మధ్య నుంచి బయటికి, తిరుపతి బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది. వెనకే నాగులమ్మ. కూర్చున్నవాళ్లంతా మనలాంటి మర్యాదస్తులే. కాళ్లు ముడుచుకుని దారిచ్చారు, చప్పట్లు ఆపకుండా.