ఆఖరి పన్నెండు పేజీలు

మంగళవారం పొద్దున్న ఛాయాదేవి రోజూలాగే క్యారేజీ సర్దుకుని, చీరకు పిన్ను పెట్టుకుని, తొమ్మిదింటికి ఆఫీసుకు బయలుదేరింది. తేడా ఒక్కటే. ఆమె ఆఫీసుకు వెళ్లడం లేదు. హ్యాండ్‌బ్యాగులో క్యారేజీ కింద ఒక పాత నవల ఉంది.

ఆ నవలను ఆమె ఇరవై ఒక్క ఏళ్ల కిందట నూట పన్నెండో పేజీలో ఆపింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. ఆ నొప్పులకు పుట్టిన అక్షయ ఇప్పుడు ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. నవలలో శాంభవి మాత్రం ఇల్లు వదిలి వచ్చి, కృష్ణ ఒడ్డున, వానలో, పడవ ఎక్కాలా వద్దా అని ఇంకా అక్కడే నిలబడి ఉంది. పెళ్లికి ముందు ఛాయాదేవి తానూ కథలు రాసేది. ఇప్పుడు రాసేవన్నీ ఫైళ్ల మీద నోట్లే. మొన్న బీరువా సర్దుతుంటే ఈ పుస్తకం బయటపడింది. పాపం ఆ పిల్లని ఇన్నేళ్లూ తడుస్తూ వదిలేశానే అని అప్పటినుంచి ఒకటే బాధ.

ఇంట్లో చదవడం కుదరదు. ఆమె పుస్తకం తెరవగానే భర్త పూర్ణచంద్రరావుకు తువ్వాలు కనబడదు. అది దొరికితే కళ్లజోడు కనబడదు. పార్కులోనేమో ఎండ. బాగా ఆలోచించి సూర్యారావుపేటలో ఒక పెద్ద ఆసుపత్రిని ఎంచుకుంది. పక్కింటావిడకు తోడు వెళ్లినప్పుడు చూసింది. చల్లటి ఏసీ, మెత్తటి కుర్చీలు, సాయంత్రం దాకా కూర్చున్నా ఎందుకని అడిగే నాథుడుండడు. ఆఫీసుకు ఫోన్ చేసి, "ఆసుపత్రి పనుందండీ, ఇవాళ రాను" అంది. అది అబద్ధం కూడా కానందుకు సంతోషించి, ఫోన్ ఆపేసింది.

అన్నిటికన్నా చల్లని కుర్చీలు గుండె జబ్బుల విభాగం ముందున్నాయి. అక్కడ కూర్చుంది. పదకొండున్నరకు, శాంభవి కోసం తల్లి వానలో పరిగెత్తుకొచ్చే ఘట్టం వచ్చింది. ఛాయాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత హాయిగా ఏడ్చి ఎన్నేళ్లయిందో!

సరిగ్గా అప్పుడే, మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి వచ్చిన ఆడపడుచు సంపూర్ణమ్మ లిఫ్టులోంచి దిగింది. తలుపు మీద బోర్డు చూసింది. ఏడుస్తున్న మరదలిని చూసింది. ఆమె ఒళ్లో ఉన్న పుస్తకం మాత్రం చూడలేదు. పలకరిస్తే తట్టుకోలేదని స్తంభం చాటుకు వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే పూర్ణా, ఛాయ నీకేమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పాలక్కా? ఆఫీసుకెళ్లిందిగా."

"అయితే నీ దగ్గర కూడా దాచిందన్నమాట. గుండెరా!"

పూర్ణచంద్రరావు భార్యకు ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. ఆఫీసుకు చేస్తే, "మేడం ఆసుపత్రికెళ్లారండి. పొద్దున గొంతు కూడా అదోలా ఉంది సార్" అన్నారు. ఆయన వెంటనే చల్లపల్లిలో ఉన్న బావగారికి, అంటే ఛాయాదేవి అన్నగారికి, కబురందించాడు. ఆయన రెండు సంచుల బత్తాయిలు కారులో వేసుకుని ఉన్నపళంగా బయలుదేరాడు.

ఒకటిన్నరకు, ఇంకా పన్నెండు పేజీలున్నాయనగా, ఛాయాదేవి తలెత్తింది. ఎదురుగా చక్రాల కుర్చీ. దాని వెనక భర్త, ఆడపడుచు, అన్నగారు, బత్తాయిలు.

"నాకేం కాలేదండీ! నవల చదువుకుందామని వచ్చాను."

"లీవు పెట్టి, నవల చదవడానికి, ఆసుపత్రికొచ్చావా?" అన్నాడు అన్నగారు జాలిగా. "నా దగ్గరెందుకమ్మా దాపరికం? చిన్నప్పుడు చెయ్యి విరిగినా ఏం లేదనే అన్నావు."

పూర్ణచంద్రరావు కళ్లు తుడుచుకున్నాడు. "ఇకనుంచి నా తువ్వాలు నేనే వెతుక్కుంటాలే ఛాయా" అన్నాడు.

ఇన్నేళ్లకు ఆ మాట విని ఆమె మనసు కరిగిపోయింది. వెళ్లి చక్రాల కుర్చీలో కూర్చుంది. ఆ హడావుడిలో కింద పడ్డ పుస్తకాన్ని సంపూర్ణమ్మ తీసి తన సంచిలో పెట్టుకుంది.

బెడ్డు మీద పడుకోబెట్టి పరీక్షలన్నీ చేశారు. ఏమీ లేదన్నారు. "ఏమీ లేదంటున్నారంటే, మనకు చెప్పలేకపోతున్నారు" అని అన్నగారు డాక్టరును వదల్లేదు. నాలుగోసారి అడిగేసరికి డాక్టరు విసిగిపోయి, "రోజూ పొద్దున ఓ గంట ఆవిడని ఎవరూ కదిలించకండి. అంతే మందు" అన్నాడు. ఛాయాదేవి ఆయనకు మనసులోనే దండం పెట్టింది.

మర్నాడు పొద్దున సంపూర్ణమ్మ సంచిలోంచి పుస్తకం తీసుకుని, గదిలో తలుపేసుకుని పది పేజీలు చదివింది. పడవ ఒడ్డుకు వచ్చింది. శాంభవి ఒక అడుగు ముందుకు వేసింది. పేజీ తిప్పితే అట్ట వచ్చింది. ఆఖరి కాగితం లేదు.

తోడుగా ఉండిపోయిన సంపూర్ణమ్మను పిలిచింది. "వదినా, ఇందులో చివరి కాగితం ఏదీ?"

"అదా? ఊడొచ్చేసిందమ్మా. నిన్న అందులోనే అమ్మవారి కుంకుమ పొట్లం కట్టి, నీ పక్క బెడ్డావిడకిచ్చా. పాపం ఆవిడకీ గుండేనట."

ఛాయాదేవికి ఏడుపు ఒక్కటే తక్కువ. అయినా శాంభవిని మళ్లీ వానలో వదిలేయడం ఆమె వల్ల కాలేదు. అక్షయ పాత నోట్‌బుక్కు తీసి, పెన్ను పట్టుకుంది. 'పై విషయమై' అని రాసి, నాలిక కరుచుకుని కొట్టేసింది. రెండో వాక్యం కొంచెం మొరాయించి వచ్చింది. మూడోదానికి చెయ్యి సాగింది. శాంభవి పడవ ఎక్కింది. ఎక్కి ఊరుకోలేదు, తెడ్డు తానే అందుకుంది. ఛాయాదేవికి ఆనందంతో కళ్ల వెంట నీళ్లు కారాయి.

కిటికీ సందులోంచి పూర్ణచంద్రరావు చూశాడు. గంట కాలేదు కనుక లోపలికి వెళ్లకుండా, పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు.

"బావగారూ, ఏదో రాస్తోందండీ. ఏడుస్తూ రాస్తోంది."

"ఎన్ని పేజీలు?"

"మూడో పేజీలో ఉంది."

అన్నగారు మళ్లీ చల్లపల్లి నుంచి ఆగమేఘాల మీద వచ్చాడు. ఈసారి బత్తాయిలు తేలేదు, వీలునామాలు రాసే ప్లీడరుగారిని తెచ్చాడు.