తెగిపోయే వైఫైకి జేజేలు!

వైఫై తెగిపోవడమంత మేలు మనిషికి మరొకటి లేదు! నవ్వకండి. నాచారంలో మా మందుల కంపెనీకి వచ్చి చూడండి.

మావి రేకుల షెడ్లు. లోపల ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని యాజమాన్యం కప్పు పొడవునా తెల్ల డబ్బాలు బిగించింది. వాటిని యాక్సెస్ పాయింట్లంటారట. ఒక డబ్బా కింది నుంచి ఇంకో డబ్బా కిందికి నడిచినా లైన్ తెగకూడదు. దాని పేరు రోమింగ్. మా ఐటీ మేనేజర్ సుధీంద్రగారు దానికి భద్రత కూడా జోడించారు. డబ్బా మారినప్పుడల్లా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నాలుగడుగులు వేసేలోపు మనం దొంగలుగా మారిపోతే? ఎంత ముందుచూపు!

ఈ భద్రత వల్లే ప్యాకింగ్ సెక్షన్ దయాకర్‌కి పెళ్లి కుదిరింది.

మొన్న లంచ్‌లో అతనికి బోడుప్పల్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అవతల పెళ్లికూతురు హరిణి, పక్కన ఆమె మేనత్త తారామణి. మిషన్ల రొదకి మనవాడు మాట్లాడుతూనే క్యాంటీన్ వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే మేనత్త అడిగింది.

"తాగుడు గిట్ల ఉన్నదా, బాబూ?"

"మందు వాసనొస్తేనే నాకు..."

అంతే! కొత్త డబ్బా పాస్‌వర్డ్ అడిగింది. కంగారులో దయాకర్ వరసగా తప్పులు కొట్టాడు. అకౌంట్ లాక్! సిగ్నల్ కోసం గేటు బయటికి పోదామంటే షిఫ్ట్ మధ్యలో వదలరు. సుధీంద్రగారి దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, జర ఓపెన్ జేయున్రి. పెండ్లి ఆగేటట్టున్నది!"

"మెయిల్ పెట్టండి, చూస్తాను."

"నెట్టే లేదు గద సార్, మెయిలెట్ల పెట్టాలె?"

"రూల్ అండీ. మీరు మీరేనని నాకెలా తెలుస్తుంది?" అన్నారాయన, రోజూ తన పక్కన కూర్చుని అన్నం తినే దయాకర్ మొహంలోకి చూస్తూ.

పాపం, ఆ పూట దయాకర్ ముద్ద ముట్టలేదు.

టీ టైముకి గేటు దగ్గర స్కూటీ ఆగింది. హరిణి! విజిటర్‌గా సంతకం పెట్టి, నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది.

"వాసనొస్తే ఏమైతది? గది చెప్పు ముందు."

"వాంతికొస్తది!"

పిల్ల పకపకా నవ్వింది. "మా అత్త నిన్ను తాగుబోతని తేల్చేసింది. నాకే ఓసారి మొహం జూసి అడగాలనిపించింది."

చూశారా! లైన్ తెగకపోతే ఆమె వచ్చేదా? ఎదురుగా కూర్చుని ఈ ఇద్దరూ టీ తాగేవారా?

హరిణి అక్కడి నుంచే మేనత్తకి వీడియో కాల్ చేసింది. షెడ్ల వెంట క్యాంటీన్ దాకా నడుస్తూ దయాకర్ చేత జవాబు మొత్తం చెప్పించింది. డబ్బాలు మారాయి. లైన్ మాత్రం తెగలేదు!

ఇదెలా సాధ్యమని నేను నోరు తెరిచి సుధీంద్రగారిని అడిగాను.

"గేటు దగ్గర విజిటర్లకి వేరే వైఫై ఇస్తామండీ. బయటివాళ్లని ఇబ్బంది పెడితే ఏం బాగుంటుంది?"

నిజమే! పదిహేనేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న నాకీ సంగతి తట్టలేదు. మర్నాటి నుంచి నేనూ గేటు దగ్గర విజిటర్‌గా సంతకం పెట్టే లోపలికొస్తున్నాను.

'ఎవరిని కలవాలి?' అని అడిగితే, నా పేరే చెబుతున్నాను!