పచ్చగుడ్డ కట్టిన గోళెం

1989లో ఒక ఆదివారం పొద్దున, చిట్యాల రోడ్డు మీది తన హోటల్లో ఐలేశం నలభై మందికి పూరీలు వేయిస్తున్నాడు. వరంగల్ నుంచి సాగర్ చూడబోయే యాత్ర బస్సు రావాలి. ఆ యాత్రలు ఏర్పాటు చేసే రఘుపతి షరతు ఒక్కటే, తాగడానికి కృష్ణా నది నీళ్లుండాలి. నచ్చితే ప్రతి ఆదివారం అక్కడే ఆగుతారు. లేకపోతే ఐలేశం హోటల్ మూసుకోవాల్సిందే.

ఆ రోజే నీళ్ల ట్యాంకర్ రాలేదు. ఐలేశం చప్పుడు చేయకుండా తాగునీళ్ల మట్టి గోళెంలో బోరు నీళ్లు నింపాడు. వంటమనిషి గులాబ్‌బీ చూసింది. ఆమెది మర్రిగూడ. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు వంగవు.

"గీ బోర్ల గూడ గదే ఉన్నదని పరీక్ష చేసినోళ్లు చెప్పిన్రు గద సేట్."

"ఒక్క పూట తాగితే ఏమైతది గులాబ్‌బీ?"

"మేం గూడ ఒక్కో పూటనే తాగినం."

ఎవరూ ముంచుకోకుండా గోళెం మూతికి తన పచ్చ దుపట్టా గట్టిగా కట్టి, ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

బస్సు దిగిన భద్రమ్మ అనే ముసలావిడకు ముందు కనబడింది ఆ పచ్చగుడ్డే. ఏటా పీర్లకు మొక్కే మనిషి, అది పీరు గుడ్డ అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టింది. వెనకవాళ్లు ఎందుకని అడగలేదు, వాళ్లూ విడిచారు. ఎవరో ఊదుబత్తి వెలిగించారు. ఇంకెవరో ముడి విప్పారు. డ్రైవరు చెంబెడు ముంచి టైర్లన్నిటి మీదా చల్లాడు.

"ఏ పీరు నీళ్లివి?" అని రఘుపతి గొంతు తగ్గించి అడిగాడు. ఇక ఒక బస్సేమిటి, పది బస్సులు ఆగుతాయనుకుని ఐలేశం నోరు మెదపలేదు. పూరీలు చల్లారిపోయాయి.

అందరికంటే ముందు తన వెంట వచ్చిన మనవరాలికి తాగించాలని భద్రమ్మ గ్లాసు ఎత్తింది. అది చూసి గులాబ్‌బీ గోడ పట్టుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ బయలుదేరింది. ఉన్నది పది అడుగులే. ఆరేళ్లుగా రోజూ చూస్తున్న ఆ నడకను ఐలేశం ఆ రోజే చూశాడు.

"తాగకుండ్రి, అది బోరు నీళ్లు," అంటూ గ్లాసు లాక్కున్నాడు.

"మాకియ్యనీకె మనసొస్తలేదా?" అంది భద్రమ్మ. ఒక్కరూ నమ్మలేదు. ఐలేశం గోళేన్ని ఒక్క తన్ను తన్నాడు. అది పగిలి నీళ్లన్నీ రోడ్డెక్కాయి. పీరు గోళేన్ని తన్నిన మనిషి వంక నలభై మందీ కొయ్యబారి చూశారు.

ట్యాంకర్ సంగతి, దుపట్టా సంగతి, గులాబ్‌బీ మోకాళ్ల సంగతి ఐలేశం అన్నీ చెప్పేశాడు. "తప్పు నాదే. ఇంకో హోటల్ చూసుకోండ్రి," అన్నాడు.

రఘుపతి గులాబ్‌బీ కాళ్ల వంక చూశాడు. చేతులు జోడించాడు. "ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న. తన నీళ్లు మంచియి కావన్న హోటలాయనను ఇప్పుడే చూస్తున్న. వచ్చే ఆదివారం గూడ ఈడనే ఆగుతం," అన్నాడు.

నీళ్లు మాత్రం తామే తెచ్చుకుంటామన్నారు.