వాటర్ ట్యాంకు మీది బ్యాంకు కోడ్

"మన ఊరి డబ్బు ఒమాహా గడప తొక్కి రావలసిన ఖర్మ నేటితో తీరింది!" అని అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని న్యూ లిట్నో మేయరు లెనర్డ్ హ్రుస్కా ప్రకటించారు. వచ్చినవారందరికీ ప్లమ్ పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులు పంచారు. చప్పట్లు బాగానే మోగాయి.

సంగతేమిటంటే, చెక్ దేశంలోని లిట్నోవారు తమ ఊరి పేరు పెట్టుకున్న ఈ ఊరికి కొత్త ఫైరింజను కొనుక్కోమని డబ్బు పంపుతామన్నారు. విదేశీ సొమ్ము రావాలంటే బ్యాంకుకు అంతర్జాతీయ కోడ్ ఉండాలి. ఊళ్ళోని చిన్న బ్యాంకుకు అది లేదు. అలాంటి బ్యాంకులు ఒమాహా నగరంలోని పెద్ద బ్యాంకు కోడ్ మీదే నెట్టుకొస్తాయి. మేయరుగారి ఆత్మాభిమానం అందుకు ఒప్పుకోలేదు. ఎనిమిది అక్షరాలు స్వయంగా కూర్చి, వాటర్ ట్యాంకు మీద ఎర్రరంగుతో రాయించారు.

బ్యాంకు మేనేజరు వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరి పాత ఫైరింజను నడిపేది ఆమె భర్త డ్వేన్. పంపు చెడిపోవడంతో పాపం, మంటల్లోకి బకెట్లు పట్టుకుని వెళ్తున్నాడు.

"కోడ్ మనం రాసుకుంటే సరిపోదు మేయర్ గారూ, పైవాళ్ళు ఇవ్వాలి."

"ఊరికి పేరు ఎవరిచ్చారమ్మా? మనమే పెట్టుకోలేదూ?"

ఆ కోడ్‌కు లిట్నోవారు పంపిన డబ్బు వచ్చినదారినే వెనక్కి పోయింది. అలాంటి బ్యాంకు ప్రపంచంలోనే లేదట.

"అక్షరాలు చిన్నవయ్యాయి," అని మేయరుగారు వెంటనే లోపం కనిపెట్టారు. రెట్టింపు సైజులో రాయించారు. డబ్బు మళ్ళీ వెనక్కి పోయింది. దాంతో, కోడ్ ఉన్నట్టే లెక్క అని కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానానికీ డబ్బు లొంగలేదు.

"ప్రపంచానికి నేనే నచ్చజెప్పి వస్తాను," అంటూ మేయరుగారు ఊరి ఖర్చు మీద లిట్నోకు విమానమెక్కారు. పోల్కా బ్యాండు వాయించి మరీ సాగనంపారు.

వారం తిరక్కుండా వెర్నాకు ఫోనొచ్చింది.

"వెర్నా, నా పర్సు కొట్టేశారమ్మా! హోటలువాడు సూట్‌కేసు లోపల పెట్టుకుని ఇవ్వనంటున్నాడు. నా ఖాతాలోంచి వాడికి డబ్బు పంపించు."

"ఏ దారిన పంపమంటారు?"

"ఒమాహా మీదుగానే పంపవమ్మా. తొందరగా చేరుతుంది."

"అయితే ఫైరింజను డబ్బు కూడా ఆ దారినే రప్పిద్దాం సార్. నిన్న డ్వేన్ చెయ్యి కాలింది."

"అయ్యయ్యో, అదెలా కుదురుతుందమ్మా! అది ఊరి పరువు. ఇది నా హోటలు బిల్లు."