ఏసమ్మ కుడికాలు

ఆ శనివారం పొద్దున దేవసహాయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి పటేల్‌గూడలో బయలుదేరాలి. తొమ్మిదికల్లా ఊరి అవతల కొన్న నూట యాభై గజాల ప్లాటు చేరాలి. ఎబెనేజర్ పాస్టరుగారి చేత పునాది ప్రార్థన చేయించి, భార్య ఏసమ్మ వండిన బగారా అన్నం అందరూ తిని, పదకొండింటికి ఇల్లు చేరాలి. రాత్రంతా వాన కురిసిన సంగతి ఒక్కటే పథకంలో లేదు. దానికీ పక్కింటి శివరామకృష్ణగారు విరుగుడు చూపించారు.

ఆయన నలభై ఏళ్ల కిందట గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై, నెల కిందట ఒక పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నారు. "మీరేం కంగారుపడకండి దేవసహాయం గారూ, నాలుగు చక్రాలూ లాగే బండండీ ఇది, కొండైనా ఎక్కేస్తుంది," అన్నారు. ఈ నెల రోజుల్లో అది ఎక్కింది అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు ఒక్కటే. గేరు పక్కన ఉన్న చిన్న లీవరు ఎందుకో షోరూమువాళ్లు చెప్పారు గాని, ఆయన దాన్ని చేతిరుమాలు తగిలించుకోవడానికి వాడుతున్నారు.

ఏసమ్మ అన్నం డబ్బా పట్టుకుని వెనక సీట్లో పాస్టరుగారి పక్కన కూర్చుంది. బండి కదలగానే ఆమె మనసు కూడా కదిలింది. రెండేళ్లుగా ఇదే తంతు. ఇలాంటి బండి ఎక్కడ కనబడినా ఆమె చూపు దాని వెంటే పోతుంది, అది మలుపు తిరిగి మాయమైతే గాని వెనక్కి రాదు.

ఏసమ్మకు అలాంటి బండి ఉండేది. సొంతానికి, తన పేరు మీద. ఆ సంగతి ఈ భూమ్మీద దేవసహాయానికి తప్ప చాలామందికి తెలుసు.

ఒమాన్‌లో నిజ్వా దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె ఎనిమిదేళ్లు నర్సుగా చేసింది. కొండల్లోని పల్లెలకు సూదులు వేయడానికి వెళ్లాలి, ఆసుపత్రి వ్యాను వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఐదో ఏట ఒక డాక్టరమ్మ ఊరు వదిలి వెళ్తూ తన పాత తెల్ల బండిని ఆమెకు అమ్మింది. నలభై ఆరేళ్ల వయసులో ఏసమ్మ స్టీరింగు పట్టింది. జుమా అనే ముసలి ఒమానీ నేర్పాడు. ఆయనకు వచ్చిన పాఠం ఒకటే, "షువై షువై." మెల్లగా, మెల్లగా అని. ఇసకలోకి దిగేముందు చక్రాల్లో గాలి సగం తీసేయమని, ఇరుక్కుంటే బండిని తిట్టకుండా బతిమాలమని ఆయనే చెప్పాడు. లైసెన్సు పరీక్షలో ఇనప డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి నడపాలి. ఆమె మూడుసార్లు డ్రమ్ములను గుద్ది, నాలుగోసారి గట్టెక్కింది.

ఆ సాయంత్రం ఆ మాట చెబుదామనే ఇంటికి ఫోను చేసింది. దేవసహాయం ముందుగా తన మాట చెప్పాడు. గడ్డపోతారంలో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు ముప్పై ఏళ్లుగా నడుపుతున్న మనిషి. ఎడమ కంటి చూపు తగ్గిందని లైసెన్సు తిరిగి ఇవ్వలేదట, కంపెనీ స్టోర్సులో కూర్చోబెట్టిందట. ఏసమ్మ తన లైసెన్సు కార్డును పర్సులోకి తోసి, ఇక్కడ అంతా బాగుంది, వ్యానులో కూర్చుని డ్యూటీకి పోతున్న అని చెప్పింది. ఆ ఒక్క అబద్ధం మూడేళ్లు నడిచింది. వచ్చేసేముందు తెల్ల బండిని ఇంకో నర్సుకు అమ్మి, దాని బానెట్టు మీద చెయ్యి వేసి ఏడ్చింది. అప్పుడు దేవసహాయం ఫోను చేస్తే జలుబు అంది.

ఇప్పుడు శివరామకృష్ణగారు మట్టిబాటలోకి బండి తిప్పారు. ప్లాటు ఇంకా రెండు వందల గజాల దూరంలో ఉండగా, నల్లరేగడిలో బండి ముందుకు పోవడం మానేసి కిందికి పోవడం మొదలుపెట్టింది. ఆయన గట్టిగా తొక్కారు. అది ఇంకా కిందికి పోయింది.

పక్క సీట్లోని దేవసహాయం దిగి, ముప్పై ఏళ్ల అనుభవంతో వెనక చక్రాల కింద రాళ్లు పెట్టించాడు. చిన్న లీవరు సంగతేమిటని శివరామకృష్ణగారు అడిగితే, తెలియదనడానికి మనసు ఒప్పక, దాన్ని ముట్టుకోవద్దు అన్నాడు. చక్రాలు గిర్రున తిరిగి, రాళ్లను లోపలికి మింగి, బురదను మాత్రం పాస్టరుగారి తెల్లచొక్కా మీదికి పంపాయి. పాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని, పన్నెండింటికి తనకు అమీన్‌పూర్‌లో ఒక పెండ్లి ఉందని గుర్తుచేశారు.

ఏసమ్మకు చేతులు ఊరుకోలేదు. నడిపే ధైర్యం లేకపోయినా చెప్పే ఉపాయం ఒకటి ఆలోచించింది. ఒమాన్‌లో తమ ఆసుపత్రి డ్రైవరు గాలి తీసేవాడని అందరూ వినేలా అంది. ఎవరూ వినలేదు. దాంతో వెనక చక్రం దగ్గర కూర్చుని, జడలోని పిన్ను తీసి వాల్వు నొక్కింది. బుస్సుమని చప్పుడు రాగానే శివరామకృష్ణగారు ముందు నుంచే గుండె పట్టుకున్నారు. కొత్త టైరుకు పంక్చరైందనుకుని, అటు తిరిగి చూడకుండానే పంక్చరు దుకాణానికి ఫోను చేశారు.

వచ్చినతను నిజాయితీపరుడు. ఎంత వెతికినా రంధ్రం కనబడకపోయేసరికి, ఉత్త చేతులతో వెనక్కి పోవడం ఇష్టం లేక, నాలుగు చక్రాల్లోనూ రాయిలా గాలి నింపాడు. చక్రం విప్పి చూద్దామని పెట్టిన జాకీ బురదలోకి దిగి మళ్లీ కనబడలేదు. ఏసమ్మ తలను చేత్తో పట్టుకుని పక్కకు వెళ్లి నిలబడింది.

పక్క చేనులోంచి మొగులయ్య అనే రైతు ట్రాక్టరు తెచ్చాడు. "జెర పక్కకు జరుగుండ్రి సారూ, ఒక్క గుంజుడుకు బయటవడ్తది," అన్నాడు. బండి ముందున్న ఇనప గార్డుకు తాడు కట్టి గుంజాడు. బయటపడింది గార్డు. నిమ్మకాయలు మిరపకాయల దండతో సహా అది ట్రాక్టరు వెంట పోయింది. బరువు తగ్గిన ట్రాక్టరు ఒక్క ఊపున ముందుకురికి, పక్కకు ఒరిగి, బాటకు అడ్డంగా దిగబడింది. ఇక ముందుకు దారి లేదు. వెనక ఒక పక్క హద్దురాళ్లు, ఇంకో పక్క కరెంటు స్తంభం.

పదకొండు దాటింది. రోడ్డు మీద పోయే షిఫ్టువాళ్లు బండ్లు ఆపి దిగారు. బిహారీ కుర్రాళ్లు హిందీలోనూ, మిగతావాళ్లు తెలుగులోనూ సలహాలిచ్చారు. ఏ రెండు సలహాలూ కలవలేదు. పాస్టరుగారు ఇక ఆగలేక, ప్రభువుకు దూరాలతో పనిలేదని చెప్పి, నిలబడిన చోటే కళ్లు మూసుకుని ప్రార్థన ముగించి, ఎవరిదో బైకు వెనక ఎక్కి వెళ్లిపోయారు. ఆయన నిలబడింది అసలు వేరేవాళ్ల ప్లాటని హద్దురాయి మీది నంబరు చూసి దేవసహాయం తర్వాత కనుక్కున్నాడు.

శివరామకృష్ణగారు గార్డును ఒళ్లో పెట్టుకుని రాయి మీద కూర్చున్నారు. "నా వల్ల కాదండీ ఇది. రేపే అమ్మేస్తానండీ దీన్ని. ఈ వయసులో నాకెందుకండీ ఇది," అన్నారు. ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది.

ఆ మాట ఏసమ్మకు ఎక్కడో తగిలింది. ఒక బండిని అమ్మి వచ్చిన చేతులు ఆమెవి. ఇంకో బండి, ఒక్క లీవరు ఎవరూ కదపనందుకు, చేతకానిదని పేరు తెచ్చుకుని అమ్ముడుపోతుందంటే ఆమె తట్టుకోలేకపోయింది. దేవసహాయం వైపు చూసింది. చూసి, చూపు తిప్పుకుని, చెయ్యి చాపింది.

"అన్నా, తాళం ఇట్లియ్యి," అంది.

గుంపు నవ్వింది. శివరామకృష్ణగారు నవ్వే ఓపిక లేక ఇచ్చేశారు. ఏసమ్మ మళ్లీ పిన్ను తీసి, ఈసారి ఎవరినీ అడగకుండా నాలుగు చక్రాల్లోనూ గాలి తీసింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, బురదలో గబగబా నడిచి, తలుపు తీసి ఎక్కి కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపింది. చేతులకు ఏమీ అందలేదు. ఎదురుగా గ్లవ్ బాక్సు మీద శివరామకృష్ణగారు అంటించిన వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది.

గుంపు ఈసారి ఇంకా గట్టిగా నవ్వింది. దేవసహాయం నవ్వలేదు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"స్టీరింగు అటుపక్క ఉన్నది ఏసమ్మ," అన్నాడు మెల్లగా. "ఒమాన్‌ల ఎడమకుంటదేమో, గీడ బండ్లు గిట్లనే ఉంటయి."

ఏసమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకుంది. "నీకెప్పటిసంది తెలుసు?"

"నువ్వొచ్చిన వారం నుంచి. బస్సుల నా పక్కకు కూసుంటవు గదా, ముంగట ఏదన్న అడ్డమొస్తే నీ కుడికాలు నేలను తొక్కుతది. ముప్పై ఏండ్లు బండి నడిపిన. బ్రేకు తొక్కే కాలును గుర్తువట్టనా?"

"మరి అడగకపోతివి."

"నువ్వు చెప్తవని సూసిన."

ఏసమ్మ ఒడిలోని తాళం వైపు చూస్తూ చెప్పింది. "నీ లైసెన్సు పోయిన దినమే నాది చేతికొచ్చింది, క్యాథరిన్ డాడీ. ఏ నోటితోని చెప్పాలె?"

ఆమె నడిపిన బండి ఎలా ఉండేదో అడగాలని రెండేళ్లుగా దేవసహాయానికి ఉంది. ఎంత పాతది, క్లచ్చు గట్టిదా మెత్తదా, ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడెలా చేసేది. భార్యకు బండి వచ్చని గర్వపడాలో, తనకు లైసెన్సు లేదని ఏడవాలో తెలియక ఆ ప్రశ్నలన్నీ అలాగే దాచుకున్నాడు. ఇప్పుడు మాత్రం తలుపు తీసి, ఆమె దిగడానికి చెయ్యి అందించాడు.

"అటు కూసో. ఎనక నేను సూస్త," అన్నాడు.

ఆమె కుడి సీట్లోకి మారి, చిన్న లీవరు మీది చేతిరుమాలు తీసి పక్కన పెట్టి, దాన్ని చివరిదాకా లాగింది. కింద ఎక్కడో ఠక్కుమని చప్పుడైంది. బండికి నాలుగు చక్రాలున్నాయని బండికి తెలిసింది ఆ క్షణంలోనే. ఏసమ్మ అద్దంలో చూసింది. ఒక పక్క హద్దురాళ్లు, ఒక పక్క స్తంభం, మధ్యన సందు. అచ్చంగా లైసెన్సు పరీక్షలోని డ్రమ్ములు. కళ్లు చెమర్చాయి గాని కాలు వణకలేదు.

"షువై షువై," అంది బండితో.

వెనక నుంచి దేవసహాయం గొంతు వినిపించింది. ఒకప్పుడు తన బస్సును వెనక్కి తీసేటప్పుడు క్లీనరు అరిచిన అరుపు అది. ఐదేళ్ల తర్వాత ఇప్పుడు తానే అరుస్తున్నాడు. "రైట్... రైట్... రానీ... ఎడమకు కొంచెం... రైట్..." బండి ఒకసారి మూలిగి, తన గాడిలోనే మెత్తగా పాకుతూ వెనక్కి వచ్చింది. హద్దురాయి పక్క నుంచి జానెడు దూరంలో జారింది, స్తంభాన్ని అద్దం అంచుతో కూడా తాకలేదు. "హోల్డాన్," అన్నాడు దేవసహాయం. చక్రాల కింద తారు రోడ్డు ఉంది.

గుంపు చప్పట్లు కొట్టింది. ఏసమ్మ దర్జాగా ఇండికేటరు వేయబోయి వైపర్లు వేసి, పరిగెత్తుకొచ్చి పక్కన ఎక్కిన దేవసహాయంతో సహా, ఒమాన్‌లో లాగే రోడ్డుకు కుడిపక్కన బయలుదేరింది. ఎదురుగా వచ్చిన నీళ్ల ట్యాంకరు హారను కొట్టింది. దేవసహాయం ఒక్క మాటే అన్నాడు, "ఎడమకు." ఆమె ఎడమకు వచ్చి ఆపింది. తర్వాత ఆయన క్లచ్చు సంగతి అడిగాడు. అన్నం డబ్బా మూత తీసి, చల్లారిన బగారా అన్నం తింటూ, ఆమె తెల్ల బండి కథ మొదటి నుంచి చెప్పింది. ఎడమ తలుపు మీది సొట్ట ఎలా పడిందో కూడా చెప్పింది.

శివరామకృష్ణగారు బండి అమ్మలేదు. ఇక్కడి లైసెన్సు కోసం దేవసహాయమే భార్యను సంగారెడ్డి తీసుకుపోయాడు. ఎనిమిది అంకెలా బండి తిప్పమంటే, డ్రమ్ములు లేవా అని ఆమె అధికారిని అడిగిందట. రెండు నెలల తర్వాత సరైన ప్లాటులో సరైన ప్రార్థన చేయించడానికి అందరూ మళ్లీ అదే బండిలో బయలుదేరారు. అప్పటి నుంచి శనివారాలు ఏసమ్మ నడుపుతుంది, దేవసహాయం పక్కన కూర్చుని దారి చెబుతాడు. బండి యజమాని వెనక సీట్లో కూర్చుని, కుడికాలితో నేలను తొక్కుతూ ఉంటారు.