బోణీకి ముందు వచ్చే ఫోను

"మీ బిజినెస్‌కి స్పెషల్ ప్లాన్ సార్" అంటూ పొద్దున్నే ఫోను చేసేవాళ్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. అంతటి ఉపకారులను తిట్టడానికి నోరెలా వస్తుంది? ఈ మాట ఆవేశంలో అనడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి. మొదట చేతిలో ఏముంది, చివరికి ఏం మిగిలింది అని చూసుకున్నాకే ఏ మాటైనా అంటాను.

కాబట్టి చేతిలో ఉన్నది ముందు చెబుతాను. ఆ ఫోను వచ్చిన ఉదయానికి నాకు చిత్తూరులో ఒక అంగడి ఉంది. పెళ్లిళ్లకూ అన్నదానాలకూ వంటపాత్రలు బాడుగకు ఇస్తాను. అండాలు, బక్కెట్లు, గంటెలు అన్నీ కలిపి ఆరు వందల చిల్లర. ప్రతిదాని మీదా మా నాయన కుప్పుస్వామి పేరు, దాని కింద నా ఫోన్ నంబరు కొట్టించి ఉన్నాయి. కాణిపాకం కళ్యాణమండపంలో మరిచిపోయిన గంటె అయినా సరే, ఆ నంబరు చూసి ఎవరో ఒకరు ఫోను చేస్తే అంగడికి తిరిగి వస్తుంది. వీటికి తోడు పంకజాక్షి అనే భార్య, పాత్రలు ఎక్కించి దించే ఓబయ్య. అంతే నా సంస్థానం.

ఇప్పుడు మీరే చెప్పండి. పొద్దున తొమ్మిదింటికి "వ్యాపారం ఎలా ఉంది సార్?" అని అడిగేవాళ్లు మీకు ఎంతమంది ఉన్నారు? నాకొక తమ్ముడున్నాడు, మునిచంద్ర. తిరుపతిలో లాడ్జి నడుపుతాడు. ఆరు నెలలకొకసారి ఫోను చేసి "దుప్పట్లు యాడ చవకన్నా?" అని అడిగి పెట్టేస్తాడు. తోడబుట్టినవాడికి లేని పట్టింపు ముక్కూ మొహం తెలియని ఆ అమ్మాయికి ఉంది! పేరు లోహిత అంది. ఒక్క నిమిషంలో పదకొండుసార్లు సార్ అంది. నేను వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టాను. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఇంట్లో నాకు దొరికిన మర్యాదంతా కూడినా పదకొండు కాదు.

అసలు ఆమె మొదట అడిగింది నన్ను కూడా కాదు. "కుప్పుస్వామి గారేనా సార్?" అంది. మా నాయన పోయి పన్నెండేళ్లు. దగ్గరి చుట్టాలే ఆయన తిథి మరిచిపోయారు. కంపెనీ మరవలేదు. మీకు కళ్లు చెమర్చడం లేదా?

విషయం ఏమిటంటే, మేము వాళ్లకు పాత కస్టమర్లమట. ఆ నమ్మకానికి మెచ్చి కంపెనీ మా నంబరును 'ఎంటర్‌ప్రైజ్' స్థాయికి పెంచుతోందట. ఇంకో రెండు సిమ్‌లు ఉచితం. బిల్లు ఇప్పటికంటే తక్కువ. ఏదీ మారదు. నేను ఊరికే కన్‌ఫర్మ్ చేస్తే చాలు.

పదిన్నరకు చేసి ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. కానీ అప్పుడు తొమ్మిదీ ఐదు. అంగడి తెరిచి, దీపం పెట్టి, ఊదొత్తి వెలిగించాను. బోణీ కాలేదు. మా బజార్లో బోణీ కాకముందు ఏ వ్యాపారీ 'వద్దు' అనడు, 'లేదు' అనడు. చందాకు వచ్చినవాణ్ణయినా "రాప్పా, సూద్దాం" అనే పంపుతాడు. పొద్దున్నే ఆ మాట నోట్లోంచి వస్తే సాయంత్రం దాకా బేరాలన్నీ అదే మాట అంటాయని మా నాయన నమ్మకం. ఆయన నమ్మకం కాబట్టి నాదీ అదే. మంచిమాట చెప్పి సాగనంపడం మా పద్ధతి. ఆ మాట విన్నవాడికి కూడా తెలుసు, దానికి పెద్ద బరువు లేదని.

"మంచిదేలేమ్మా" అన్నాను.

"అంటే ఓకేనా సార్?"

"కానీ తల్లీ, సూద్దాం."

"మూడు లైన్లకూ కన్‌ఫర్మ్ అనుకోవచ్చా సార్?"

"అనుకోమ్మా, దానికేముండాది."

ఆమె ఎంత సంతోషించిందో! ఒక మనిషిని అంత తేలిగ్గా సంతోషపెట్టి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు.

మర్నాడు సరిగ్గా అదే వేళకు, అంటే మళ్లీ బోణీకి ముందే, కంపెనీ మనిషి మునిప్రసాద్ వచ్చాడు. మెడలో టై, చేతిలో పలకంత ఫోను. మాటలో మన ఊరి వాసన.

"మాది ఐరాల అన్నా. మీ అండాల్లో వండిన అన్నం తినే పెరిగినాం" అన్నాడు. ఇలాంటివాడికి కుర్చీ వేయకుండా ఎలా ఉంటాం?

"ఇంతకూ దీంట్లో ఏమి రాసుండాదప్పా?" అని అడిగాను.

"అంతా మామూలేన్నా. నిన్న మీరు చెప్పిందే. ఈడ వేలితో సంతకం పెట్టండి. ఒక మెసేజ్ వస్తాది, ఆ నంబరు చదవండి."

పెట్టాను. చదివాను. ఆ ఫారం మా అంగడికి చేసిన మేలు మామూలుది కాదు. నేను మేనేజింగ్ డైరెక్టర్‌ను అయ్యాను. పంకజాక్షి డైరెక్టర్. ఓబయ్య ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్.

"ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ అంటే ఏందన్నా?" అని ఓబయ్య అడిగాడు.

"అండా మోసేవాడు."

"ఇన్నాళ్లూ మోసిందీ అదే కదా?"

"అప్పుడు ఊరికే మోసినావు. ఇప్పుడు హోదాతో మోస్తావు."

మూడో రోజు నుంచి నా ఫోను మోగడం మానేసింది.

చాలామంది దీన్ని నష్టం అంటారు. నేననను. మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. అలాంటి రోజుల్లో వంటపాత్రల వ్యాపారికి ప్రశాంతత ఎక్కడ దొరుకుతుంది? నాకు పందొమ్మిది రోజులు దొరికింది! పాత సిమ్ పని చేయదు, కొత్త సిమ్ మొదలవదు. నాకు ఫోను చేసినవాళ్లకు "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అని ఒకావిడ చక్కటి తెలుగులో చెప్పింది. కుప్పుస్వామి అంగడి మూసేసినారని ఐరాల నుంచి పలమనేరు దాకా మాట పాకింది. ఒక పెళ్లివారు పరామర్శకు కూడా వచ్చారు. నేను గల్లాపెట్టె ముందు బతికి కూర్చుని ఉండటం చూసి కాస్త ఇబ్బంది పడ్డారు. పాత్రలు తిరిగి ఇద్దామని ఫోను చేసినవాళ్లకు ఎవరూ పలకక, పాపం, వాళ్లే ఉంచేసుకున్నారు. నాలుగు అండాలు అలా స్థిరపడ్డాయి.

నంబరు మారిస్తే సరిపోయేది కదా అంటారేమో! ఆరు వందల పాత్రల మీద ఉన్న పాత నంబరును ఎవరు చెరుపుతారు? ఊళ్లలో మనుషుల నోటికి వచ్చిన నంబరును ఏ ఉలితో కొట్టాలి?

ఓబయ్య ఫోన్లోంచి కస్టమర్ కేర్‌కు చేశాను. ఇక్కడ కూడా లాభమే. నలభై నిమిషాలు సంగీతం. మధ్యమధ్య "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే ఆప్యాయత. చివరికి ఒకాయన దొరికి, నాకు తెలియని ఒక సంగతి చెప్పాడు. ఇది రెండేళ్ల ఒప్పందం. ముందే వదులుకోవాలంటే మిగిలిన నెలల బిల్లు మొత్తం కట్టాలి. సిమ్ మొదలవ్వాలంటే మా కంపెనీ బోర్డు తీర్మానం పంపాలి.

సరే, బోర్డును సమావేశపరిచాను. అంగడి వెనక, బియ్యం బక్కెట్లు బోర్లించి వాటి మీద కూర్చున్నాం.

"నీ నంబరు నువ్వు తీసుకునేదానికి నేను సంతకం పెట్టల్లనా?" అని డైరెక్టర్ అడిగింది. "ఇంట్లో నేను అడిగిన ప్రతిదానికీ వద్దంటావే. ఆ పిల్లకు ఎందుకు తలూపినావో ముందు అది చెప్పు."

"బోణీ కాలేదే."

"అయితే రేపటి నుంచి నేనూ తొమ్మిదింటికే అడుగుతా."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ టీ తెచ్చాడు. కాగితం పంపాం. అందలేదన్నారు. మళ్లీ పంపాం. లెటర్‌హెడ్ లేదన్నారు. నేను ఒప్పుకోనే లేదు మహాప్రభో అని మొత్తుకుంటే, కస్టమర్ కేర్ ఆయన నా రికార్డింగు వినిపించాడు. నా గొంతు నేను బయటి నుంచి వినడం అదే మొదటిసారి. "కానీ తల్లీ... అనుకోమ్మా..." ఎంత మర్యాదస్థుణ్ణి నేను! అంత మంచివాడితో వ్యాపారం చేయడానికి నేనైనా ఉబలాటపడతాను. తప్పు కంపెనీది ఎలా అవుతుంది?

ఇక మిగిలింది మా వైపు ఉన్న పాత పద్ధతి. మాట మీద తగువు వస్తే కాణిపాకం పోయి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటాం. తప్పుడు ప్రమాణానికి ఎంతటివాడైనా జంకుతాడు. మునిప్రసాద్ ఇంటికి మనిషిని పంపి కబురు పెట్టాను. వచ్చాడు, టై లేకుండా. గుడి ఎదుట వీధిలో, పూజసామాన్ల అంగడి పక్కన నిలబడ్డాం.

"రెండేళ్ల ఒప్పందమని నాకు చెప్పినావా? చెప్పినానని లోపలికొచ్చి ప్రమాణం చెయ్యి. రెండేళ్లూ నోరెత్తకుండా కడతా."

"ప్రమాణం దాకా ఎందుకన్నా..."

"రికార్డింగు ఉండాది కదా. భయమెందుకు?"

"రికార్డింగుకు పెండ్లాం బిడ్డలు లేరన్నా. నాకుండారు."

గుడికి వీపు పెట్టి నిలబడ్డాడు. తర్వాత తనే చెప్పాడు. "ఇంకొకటి కూడా ఉండాదన్నా. ఈ పక్క అంగళ్లకు తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్యనే ఫోను చేయల్లని కంపెనీకి చెప్పింది నేనే. మా నాయన శాంతయ్యది ఐరాలలో గాజుల అంగడి. బోణీ కాకముందు ఆయన నోట్లో వద్దు అనే మాట నేను యాన్నాడూ ఇనలేదు. అదే మీటింగులో చెప్పినా. నన్ను టీం లీడర్‌ను చేసినారు."

"మీ నాయనకు తెలుసునా?"

"ఆయనకు కూడా మా వాళ్లు ఒక ప్లాన్ అమ్మినారన్నా."

చూశారా నిష్పక్షపాతం! సొంత తండ్రికి కూడా మినహాయింపు ఇవ్వని ఉద్యోగధర్మం ఈ రోజుల్లో ఎక్కడుంది?

మునిప్రసాద్ లోపలికి రాలేదు. వివరాలు తప్పుగా నమోదు చేశానని తానే రాసిచ్చాడు. మూడు రోజుల్లో నా నంబరు నాకు వచ్చింది. దానితో అతని టీం లీడర్ ఉద్యోగం పోయిందని విన్నాను. ఐరాలలో గాజులు అమ్ముతున్నాడట.

ఈ ఫోన్ల వల్ల మా బజారుకు జరిగిన అసలు మేలు తర్వాత తెలిసింది. నా కథ విని అంగళ్లన్నీ మేలుకున్నాయి. ఇప్పుడు తొమ్మిదింటికి మా వీధిలో నడిచి చూడండి. దీపం పెట్టిన చేత్తోనే ఫోనెత్తి "వద్దు! పెట్టేయ్!" అని అరవని వ్యాపారి లేడు. చందాలవాళ్లు రావడం మానేశారు. తెలియని నంబరుకు నేను 'హలో' కూడా అనడం లేదు. ఆ రెండు అక్షరాలు కలిసొచ్చాయి. తరతరాల మూఢనమ్మకం ఒక్క సీజన్‌లో వదిలింది. ఏ ప్రభుత్వం చేయగలిగేది ఈ పని?

పోయిన బుధవారం తొమ్మిదీ పదికి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడగొంతు. "అన్నా, నేను..." అంది. వద్దన్నాను, పెట్టేశాను. మళ్లీ మోగింది. "అన్నా, ఒక్క మాట ఇనన్నా..." పెట్టేశాను. మూడోసారి రాకుండా ఆ నంబరును బ్లాక్ చేశాను. అంతా కలిపి పది సెకన్లు. ఆరితేరానని నాకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం ఓబయ్య వచ్చాడు. పాత్రలు దించకుండా బండి పక్కనే నిలబడ్డాడు.

"ఐరాల పాల్ పోయినాడన్నా. తెల్లారగట్ల."

పాల్ మాకు పదహారేళ్ల ఖాతా. చర్చిలో క్రిస్మస్ భోజనాలకు ఏటా మా అండాలే తీసుకుపోయేవాడు. మేము ఇచ్చినప్పటికంటే తళతళలాడేలా తోమించి తిరిగి తెచ్చేవాడు.

"వాళ్ల కూతురు స్టెల్లా పక్కింటోళ్ల ఫోన్లోంచి నీకు చేసిందంట. వచ్చే జనానికి అన్నం వండల్ల, మూడు అండాలు కావల్లని. నువ్వు వద్దన్నావంటనే?"

మా వ్యాపారంలో చావింటికి పాత్రలు అడిగితే బాడుగ మాట ఎత్తరు. అడిగినవాళ్లు తలుపు దగ్గర ఉండగానే బండి కట్టిస్తారు. మా నాయన అలా అర్ధరాత్రి లేచి పోయిన రోజులున్నాయి.

సాయంత్రం ఐరాల పోయాను. పాల్ ఇంటి ముందు పొయ్యిలు మండుతున్నాయి. వాటి మీద వేరే అంగడి అండాలు ఉన్నాయి. స్టెల్లా నన్ను చూసి లేచి వచ్చింది. కోపం కూడా లేదు ఆ పిల్లకు.

"రాన్నా, కూసో" అంది.

"కంపెనీవాళ్లు అనుకున్నానమ్మా" అన్నాను.

"ఏ కంపెనీ అన్నా?" అని అడిగింది.

ఇంతకూ లెక్క ముగించాలి కదా. నంబరు నాదే, నా దగ్గరే ఉంది. అండాలు నాలుగు తక్కువ, వాటికేం, మళ్లీ కొనుక్కోవచ్చు. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున పూట వద్దనడం చేతకాని నాకు ఇప్పుడు ఎవరికైనా సరే, ఎందుకని అడగకుండానే, వద్దనడం వచ్చు. ఆ ఫోన్ల వల్ల వచ్చిన లాభం ఇదొక్కటే. ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, బాడుగ కూడా అడగను.