చేతికి సిరా అంటని వారపత్రిక

వార్తలు లేని వార్తాపత్రికను మించిన వరం గృహిణికి మరొకటి లేదు! నవ్వకండి. మా అత్తవారింటికి యాభై ఏళ్లుగా వస్తున్న జాతీయ వారపత్రికే అందుకు సాక్ష్యం.

పూర్వం అది వచ్చిన రోజు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. దాని సిరా మొదట వేళ్లకి, తర్వాత తలుపులకి, ఆఖరికి దిండు గలీబులకి అంటేది. కరువు మీద వ్యాసం చదివి మామయ్యగారూ మావారూ వాదించుకుంటుంటే వడ్డించిన కూర చల్లారేది. ఒక్కోసారి రెండుసార్లు వేడిచేసేదాన్ని. ఆ గ్యాసు ఎడిటర్‌గారు ఇస్తారా?

ఇప్పుడో? నున్నటి కాగితం! చేతికి సిరా అంటదు, బుర్రకి ఏమీ అంటదు. అట్ట మీద మంత్రిగారు నవ్వుతుంటారు. లోపల ఇంటర్వ్యూలో ఆయనే నవ్వుతుంటారు. వెనక అట్ట మీది ప్రకటనలో మళ్లీ ఆయనే. ఒక మనిషి నవ్వడానికి ఇంతకన్నా చోటు ఎవరిస్తారు చెప్పండి? మూడు నిమిషాల్లో చదవడం పూర్తి. కూర పొగలు కక్కుతూనే ఉంటుంది.

ఇంత సుఖంగా ఉన్న సమయంలో ఆ పత్రికకి తన యాభై ఏళ్ల చరిత్ర రాసుకోవాలని బుద్ధి పుట్టింది. ఆఫీసు మారినప్పుడు పాత సంచికలన్నీ చిత్తుకాగితాలవాడికి ఇచ్చేశారట. ఎంత ముందుచూపు! పాత కాగితాలు లేకపోతే చరిత్ర రాయడం ఎంత సులువు! కానీ ఎవరో మా మామయ్యగారి సంగతి చెప్పారు. ఆయన అక్కడే ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దారు. ప్రతి సంచికా అటక మీద దాచారు.

సబ్ ఎడిటర్ అమ్మాయి వచ్చింది. పేజీలు ఫొటోలు తీసుకుంటూ ఒకచోట ఆగింది.

"తాతగారూ, ఈ పేజీ ప్రింటవ్వలేదండీ. మంచి కాపీ లేదా?"

"అదే మంచి కాపీ తల్లీ! ఆ వారం సంపాదకీయం తీసెయ్యమని పైనుంచి హుకుం వచ్చింది. మా ఎడిటర్‌గారు తీసేశారు. ఆ చోట ఇంకేదీ పెట్టనని పేజీ తెల్లగానే వదిలేశారు. ప్రూఫ్ నేనే చూశా. ఒక్క తప్పు లేదు!"

"అబ్బ, సూపరండీ! తప్పకుండా వేస్తాం."

ఎనభై రెండేళ్ల మామయ్యగారు ఆ రోజు నుంచి గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నారు, పోస్ట్‌మ్యాన్ కోసం.

సంచిక వచ్చింది. మాట తప్పలేదు, పేజీ వేశారు. పైన పాత తేదీ, కింద పాత పేజీ నంబరు, మధ్యలో మంత్రిగారి శుభాకాంక్షలు, నవ్వుతో సహా!

ఫోన్ చేశాను. "అంత చోటు వేస్టయిపోతుందన్నారండీ మావాళ్లు" అంది అమ్మాయి. న్యాయమే కదా? వంటింట్లో నేను మాత్రం అరలు ఖాళీగా ఉంచుతానా?

మామయ్యగారు తెల్లకాగితం, కత్తెర, గమ్ము తెమ్మన్నారు. కొలిచి, కత్తిరించి, మంత్రిగారి మీద అతికించారు. భోజనానికి కూర్చున్న మావారి ముందు పెట్టి "చదువు" అన్నారు.

"ఏముంది నాన్నా ఇందులో, చదవడానికి?"

అంతే, మొదలైంది! ఆ హుకుం ఇచ్చిందెవరు, ఆ ఎడిటర్ ఏమయ్యాడు, ఈ ఎడిటర్‌కి ఏమైంది...

ఎన్నాళ్లకో మా ఇంట్లో కూర చల్లారింది. నేను వేడి చెయ్యలేదు. కుర్చీ లాక్కుని నేనూ కూర్చున్నాను.